స్పేస్ స్టేషన్‌ని మీ డాబా మీద నుంచి చూడాలంటే: పాస్ ఎంచుకోవడం దగ్గర్నుంచి ఫొటో దాకా

"టైమ్‌కి డాబా ఎక్కాం, మెడలు నొప్పెట్టేదాకా చూశాం, ఏమీ కనబడలేదు." అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం, అంటే ఐఎస్ఎస్ గురించి ఎప్పుడు చెప్పినా నాకు తిరిగి తిరిగి వచ్చే మాట ఇదే. అందుకే ఈసారి వరసగా, ఏది ముందు ఏది తర్వాత అన్నది వదలకుండా రాస్తున్నాను.

దీనికి టెలిస్కోప్ అక్కర్లేదు, డబ్బు అక్కర్లేదు, ఊరి బయటికి వెళ్ళాల్సిన పని కూడా లేదు. స్టేషన్ మన ఆకాశంలో ఒక వైపు నుంచి ఇంకో వైపుకి ఒకసారి దాటి వెళ్ళడాన్ని పాస్ అంటారు. మంచి పాస్ పడితే శుక్రుడంత వెలుగుతో, హైదరాబాద్ నడిబొడ్డున కూడా మామూలు కళ్ళకి కనిపిస్తుంది. కనబడలేదంటే, మబ్బుల సంగతి పక్కన పెడితే, కారణం దాదాపు ప్రతిసారీ రెండింట్లో ఒకటి: ఎంచుకున్న పాస్ మంచిది కాదు, లేదా చూసిన దిక్కు అది కాదు. ఈ రెండూ ముందురోజే సరిచేసుకోవచ్చు. కాబట్టి ఇక్కడ ఆ సాయంత్రం గురించి కంటే దానికి ముందు చేయాల్సిన పని గురించే ఎక్కువ చెబుతాను.

1. ఎప్పుడు కనిపిస్తుంది, ఎందుకు అప్పుడే

ఇది తెలియకుండా యాప్ తెరిస్తే అందులోని అంకెలు అర్థం కావు, అందుకని రెండు నిమిషాలు దీనికి కేటాయించండి.

స్టేషన్ సుమారు 420 కిలోమీటర్ల ఎత్తులో, సెకనుకి 7.6 కిలోమీటర్లకు పైగా వేగంతో, దాదాపు 93 నిమిషాలకి ఒకసారి భూమిని చుట్టేస్తూ ఉంటుంది. మనకి కనిపించేది దాని లైట్లు కాదు, దాని మీద పడి మెరిసే ఎండ. ఊళ్ళో మునిచీకటి కమ్మాక కూడా గుడి గాలిగోపురం చివర కాసేపు ఎండ నిలుస్తుంది చూడండి, అలాగే మన దగ్గర చీకటి పడ్డాక కూడా 420 కిలోమీటర్ల పైన ఇంకా ఎండ ఉంటుంది. కింద చీకటి, పైన ఎండ: ఈ రెండూ కలిసిన వేళ మాత్రమే స్టేషన్ కనిపిస్తుంది.

అంటే పగలు మన నెత్తి మీద నుంచి వెళ్ళినా కనబడదు, అర్ధరాత్రి వెళ్ళినా కనబడదు, ఎందుకంటే అప్పుడు అది కూడా భూమి నీడలోనే ఉంటుంది. తెలుగు రాష్ట్రాల్లో ఉన్నవాళ్ళకి పనికొచ్చే వేళలు ఇవి:

- సాయంత్రం: సూర్యుడు అస్తమించిన అరగంట తర్వాత నుంచి సుమారు గంటన్నర, మహా అయితే ఇంకాస్త దాకా
- తెల్లవారుజాము: సూర్యోదయానికి గంటన్నర ముందు నుంచి అరగంట ముందు దాకా

హైదరాబాద్‌లో డిసెంబర్‌లో సూర్యాస్తమయం 5:45 ప్రాంతంలో, జూన్‌లో 6:50 ప్రాంతంలో. దీన్ని బట్టి లెక్కేసుకుంటే రాత్రి 9 దాటాక మనకి కనిపించే పాస్‌లు దాదాపు ఉండవని తెలుస్తుంది. "రాత్రి 11 గంటలకి స్పేస్ స్టేషన్ వస్తుంది చూడండి" అని ఎవరైనా పంపిస్తే నమ్మకండి.

ఇంకొక సంగతి, కొన్ని రోజులు వరసగా సాయంత్రాలు కనిపిస్తుంది, తర్వాత కొన్ని రోజులు అసలు కనబడదు, తర్వాత తెల్లవారుజాముల్లో మొదలవుతుంది, మళ్ళీ ఖాళీ. యాప్‌లో వారం రోజులకి ఏమీ చూపించకపోతే యాప్ చెడిపోలేదు, అది ఖాళీ వారం, అంతే.

2. సమాచారం ఎక్కడ తీసుకోవాలి

నేను చెప్పేవి రెండే, రెండూ ఉచితం.

మొదటిది నాసా వాళ్ళ స్పాట్ ద స్టేషన్. ఫోన్ యాప్‌గా దొరుకుతుంది. మొదటిసారి చూసేవాళ్ళకి ఇదే హాయి: ఊరు ఇస్తే చాలు, పాస్‌ల లిస్టు వస్తుంది, ముందుగా గుర్తుచేయమని నోటిఫికేషన్ పెట్టుకోవచ్చు, ఫోన్ ఎత్తిపట్టుకుంటే స్క్రీన్ మీద దారి కూడా చూపిస్తుంది.

రెండోది హెవెన్స్-అబవ్. చూడటానికి పాతకాలంగా ఉంటుంది కానీ ప్రతి పాస్‌కి వెలుగు ఎంత, ఏ చుక్కల మధ్య నుంచి వెళ్తుంది అన్నది ఆకాశపటం వేసి మరీ ఇస్తుంది. ఒక్కసారి చూసినవాళ్ళు తర్వాత దీనికే అలవాటు పడతారు.

సెట్ చేసేటప్పుడు ఈ మూడూ చూసుకోండి:

- మీ ఊరు మీరే పెట్టాలి. హెవెన్స్-అబవ్‌లో ఊరు ఇవ్వకపోతే అది సున్నా అక్షాంశం, సున్నా రేఖాంశం అనుకుని, ఆఫ్రికా పక్కన సముద్రంలో ఒక చోటికి లెక్కలు చూపిస్తుంది.
- టైమ్ జోన్ భారత కాలమానంలో ఉందో లేదో చూడండి. లేకపోతే టైమ్‌లన్నీ సరిగ్గా ఐదున్నర గంటలు తేడా వస్తాయి.
- "కనిపించే పాస్‌లు మాత్రమే" అన్న ఆప్షన్ ఉంచండి. "అన్ని పాస్‌లు" ఉంచితే మిట్టమధ్యాహ్నం వెళ్ళేవి కూడా లిస్టులోకి వచ్చేస్తాయి.

వాట్సాప్‌లో తిరిగే టైమ్‌లని మాత్రం పట్టించుకోవద్దు. అవి అబద్ధం కానక్కర్లేదు, వేరే ఊరివి అయితే చాలు మీకు పనికిరావు. హైదరాబాద్ నుంచి విశాఖ ఆకాశమార్గాన సుమారు 500 కిలోమీటర్లు. హైదరాబాద్‌లో సరిగ్గా నడినెత్తి మీద నుంచి వెళ్ళిన పాస్, విశాఖ వాళ్ళకి పడమటి వైపు సుమారు 45 డిగ్రీల ఎత్తులోనే, అంటే నడినెత్తికి సగం ఎత్తులోనే వెళ్తుంది. రాష్ట్రమంతటికీ ఒకే టైమ్, ఒకే దిక్కు అన్నది కుదరదు.

అలాగే "నిన్న 7:20కి కనిపించింది కాబట్టి ఇవాళ కూడా 7:20కే" అనుకోవద్దు. మరుసటి రోజు పాస్ సాధారణంగా ముప్పావుగంటో, ఇంకొంచెం ఎక్కువో అటూ ఇటూ జరుగుతుంది. దారి కూడా మారుతుంది.

3. లిస్టులో ఒక లైన్‌ని చదవడం

ఒక లైన్ ఇలా ఉందనుకోండి: రాత్రి 7:12, కనిపించేది 5 నిమిషాలు, గరిష్ఠ ఎత్తు 68 డిగ్రీలు, మొదలు 10 డిగ్రీలు నైరుతి, ముగింపు 24 డిగ్రీలు ఈశాన్యం.

టైమ్: 7:12కి స్టేషన్ దిగంతం నుంచి, అంటే నేలా ఆకాశం కలిసినట్టు కనిపించే అంచు నుంచి, 10 డిగ్రీలు పైకి వస్తుంది. నెత్తి మీదికి రావడానికి ఇంకా మూడు నిమిషాలు పడుతుంది. చాలామంది ఇక్కడే పొరబడతారు, 7:12 అనగానే తల పైకెత్తి నడినెత్తికి చూస్తూ నిలబడతారు.

గరిష్ఠ ఎత్తు: దిగంతం సున్నా, నడినెత్తి 90. పాస్ మొత్తంలో స్టేషన్ ఎంత పైకి వస్తుందన్నది ఈ అంకె. లిస్టులో అన్నిటికంటే ముఖ్యమైంది ఇదే.

మొదలు, ముగింపు: ఏ దిక్కున ఎంత ఎత్తులో కనిపించడం మొదలవుతుంది, ఎక్కడ ఆగిపోతుంది. ముగింపు 10 డిగ్రీలు కాకుండా 24, 40 అలా ఉందంటే అది దిగంతం దాకా పోదు, ఆకాశం మధ్యలోనే భూమి నీడలోకి దూరి మాయమైపోతుంది. తెల్లవారుజాము పాస్‌లలో దీనికి తలకిందులు: ఎక్కడో నడి ఆకాశంలో ఉన్నట్టుండి వెలుగుతుంది.

వెలుగు: హెవెన్స్-అబవ్‌లో మాగ్నిట్యూడ్ అని ఉంటుంది. ఈ అంకె ఎంత తగ్గితే వెలుగు అంత ఎక్కువ. మైనస్ 3.5 అంటే కళ్ళు తిప్పుకోలేనంత, మైనస్ 1 అంటే ఒక మోస్తరు, సున్నా దాటి ప్లస్‌లోకి వెళ్తే మొదటిసారి చూసేవాళ్ళు వదిలేయండి.

4. మంచి పాస్‌ని ఎంచుకోవడం

ఈ గైడ్‌లో ఒక్క సెక్షనే చదువుతానంటే ఇది చదవండి.

స్టేషన్ 10 డిగ్రీల ఎత్తులో ఉన్నప్పుడు మీకు దాదాపు 1,500 కిలోమీటర్ల దూరంలో ఉంటుంది. 40 డిగ్రీలకి వచ్చేసరికి ఆ దూరం 630కి తగ్గుతుంది. నడినెత్తిన అయితే 420. దూరం తగ్గేకొద్దీ వెలుగు ఎంత పెరుగుతుందో ఊహించండి, పైగా కింద దుమ్ము, పొగ, బిల్డింగులు, వీధిలైట్లు అన్నీ అడ్డం. 15 డిగ్రీల పాస్ కోసం కుటుంబాన్నంతా డాబా ఎక్కించి నిరాశపరిచే కంటే నాలుగు రోజులు ఆగడం మేలు.

మొదటిసారికి నా లెక్క ఇది:

- గరిష్ఠ ఎత్తు 50 డిగ్రీలకి పైన. 40 అయినా ఫరవాలేదు, అంతకంటే తక్కువైతే వద్దు.
- కనిపించే సమయం కనీసం 4 నిమిషాలు.
- మాగ్నిట్యూడ్ మైనస్ 2.5 లేదా అంతకంటే వెలుగు.
- తెల్లవారుజాము కంటే సాయంత్రం. నిద్రమొహంతో దిక్కులు వెతుక్కోవడం కష్టం, పిల్లలుంటే మరీ కష్టం.
- ఎక్కువ సేపు కనిపించే వైపు మీకు అడ్డం లేకుండా ఉండాలి. సాయంత్రాల్లో అది దాదాపు ఎప్పుడూ పడమటి సగం.

మన అక్షాంశంలో ఒక సౌకర్యం ఉంది. స్టేషన్ కక్ష్య భూమధ్యరేఖకి 51.6 డిగ్రీల వాలులో ఉంటుంది కాబట్టి తెలుగు రాష్ట్రాల మీదుగా అది రెండే రకాల దారుల్లో వెళ్తుంది: నైరుతి నుంచి ఈశాన్యానికి, లేదా వాయవ్యం నుంచి ఆగ్నేయానికి. తూర్పు నుంచి పడమరకి ఎప్పుడూ వెళ్ళదు. కాబట్టి సాయంత్రం పాస్ అంటే నైరుతో వాయవ్యమో, రెండే మూలలు గుర్తుంచుకుంటే చాలు.

ఒక ఇబ్బంది కూడా ఉంది. ఒక చుట్టు తిరిగి వచ్చేలోపు భూమి తిరగడం వల్ల, మన దగ్గర తర్వాతి పాస్ దాదాపు 2,450 కిలోమీటర్లు పడమరకి జరిగిపోతుంది. ఇప్పుడు మీ నెత్తి మీద నుంచి వెళ్ళిందంటే గంటన్నర తర్వాత అది అరేబియా సముద్రం మీద ఎక్కడో ఉంటుంది. అంటే ఒక సాయంత్రానికి మనకి మంచి పాస్ ఒక్కటే. తప్పిపోతే మళ్ళీ రేపో, ఎల్లుండో.

5. దిక్కులూ ఎత్తూ పగలే చూసిపెట్టుకోండి

వాస్తు పట్టింపుల వల్ల మన ఇళ్ళలో ఈ మూలలన్నీ అందరికీ తెలిసినవే, ఇది నిజంగా పనికొస్తుంది. ఇల్లు పద్ధతిగా కట్టి ఉంటే వంటగది ఉన్న మూల ఆగ్నేయం, పూజగది వైపు ఈశాన్యం. అపార్ట్‌మెంట్లలో ఇది తారుమారై ఉండొచ్చు, కాబట్టి ఒకసారి ఫోన్ కంపాస్‌తో సరిచూసుకోండి.

ఫోన్ కంపాస్‌తో జాగ్రత్త. ఇనుప రెయిలింగ్, స్టీలు మెట్లు, ట్యాంకు స్టాండు, పిల్లర్ల నుంచి పైకి పొడుచుకొచ్చిన కడ్డీలు, ఇవన్నీ దాన్ని పక్కకి లాగేస్తాయి. డాబా మధ్యలో నిలబడి, ఫోన్‌ని గాల్లో ఎనిమిది అంకె ఆకారంలో కొన్నిసార్లు తిప్పి, అప్పుడు చూడండి. రెండు చోట్ల చూస్తే రెండూ ఒకేలా చెప్పాలి.

"సూర్యుడు అస్తమించిన చోటే పడమర" అన్న లెక్క కూడా నమ్మదగ్గది కాదు. జూన్‌లో మన దగ్గర సూర్యుడు పడమరకి దాదాపు 25 డిగ్రీలు ఉత్తరంగా, డిసెంబర్‌లో అంతే దక్షిణంగా అస్తమిస్తాడు. మార్చి, సెప్టెంబర్ చివరి వారాల్లో మాత్రమే సరిగ్గా పడమర.

ఎత్తు కొలవడానికి చేతులు చాలు. చేయి పూర్తిగా ముందుకి చాచి పిడికిలి బిగిస్తే, ఆ పిడికిలి వెడల్పు సుమారు 10 డిగ్రీలు. దిగంతం నుంచి ఒక పిడికిలి మీద ఇంకో పిడికిలి పెట్టుకుంటూ పోతే నాలుగు పిడికిళ్ళు 40 డిగ్రీలు. పిల్లల చేతులు చిన్నవైనా పిడికిలీ చిన్నదే కాబట్టి వాళ్ళకీ లెక్క సరిపోతుంది.

పగలే చేసేయాల్సినవి:

- పాస్ మొదలయ్యే మూల ఏదో చూసి, ఆ వైపు ఒక గుర్తు పెట్టుకోండి: సెల్ టవర్, కొబ్బరిచెట్టు, పక్కింటి ట్యాంకు.
- ఆ మూలలో అడ్డం ఎన్ని పిడికిళ్ళ ఎత్తు ఉందో కొలవండి. రెండు పిడికిళ్ళ అడ్డం ఉంటే స్టేషన్ మీకు చెప్పిన టైమ్ కంటే దాదాపు నిమిషానికి పైగా ఆలస్యంగా కనిపిస్తుంది. ఇది తెలియక చాలామంది కిందికి దిగిపోతారు.
- గరిష్ఠ ఎత్తు ఏ దిక్కున ఉందో చూసి అక్కడ కూడా ఒక గుర్తు.
- డాబా గేటు తాళం ఎవరి దగ్గరుందో కనుక్కోండి. అపార్ట్‌మెంట్లలో చివరి నిమిషపు టెన్షన్ అంతా దీని దగ్గరే.

6. వాతావరణం, చోటు

నవంబర్ చివరి నుంచి మార్చి దాకా మనకి మంచి కాలం. జూన్ నుంచి సెప్టెంబర్ వరకు రుతుపవనాల మబ్బులు, కోస్తా ఆంధ్రకీ నెల్లూరు, తిరుపతి వైపుకీ అక్టోబర్, నవంబర్‌లలో ఈశాన్య రుతుపవనాల వాన, తుపాన్లు. అయినా వానాకాలంలో పూర్తిగా మానుకోవద్దు, వాన వెలిసిన సాయంత్రం గాలి కడిగినట్టు ఉంటుంది, మబ్బుల మధ్య ఖాళీ దొరికితే అంత శుభ్రమైన ఆకాశం చలికాలంలో కూడా ఉండదు. చలికాలం తెల్లవారుజాముల్లో లంబసింగి, అరకు వైపు మాత్రం మంచు అడ్డం వస్తుంది.

ఊరి లైట్ల గురించి బెంగ వద్దు. పాలపుంత చూడాలంటే చీకటి కావాలి, స్టేషన్‌కి అక్కర్లేదు. మీ కళ్ళలోకి నేరుగా కొట్టే లైటు లేకపోతే చాలు, నీళ్ళ ట్యాంకు నీడలో నిలబడినా సరిపోతుంది.

7. ఆ సాయంత్రం, వరసగా

మధ్యాహ్నం ఒకసారి, బయల్దేరే ముందు ఇంకోసారి టైమ్ సరిచూసుకోండి. స్టేషన్‌ని అప్పుడప్పుడూ ఇంజిన్లు మండించి కొంచెం పైకి నెడుతూ ఉంటారు, అలా చేసినప్పుడు వారం కిందట చూసిన టైమ్ మారిపోతుంది.

1. పది నిమిషాల ముందే పైకి వెళ్ళండి. కళ్ళు చీకటికి అలవాటు పడాలి, దిక్కు మళ్ళీ ఒకసారి చూసుకోవాలి.
2. గడియారం ఫోన్‌దే చూడండి, గోడ గడియారం వద్దు. ఐదు నిమిషాల వ్యవహారంలో రెండు నిమిషాల తేడా చాలా పెద్దది.
3. ఫోన్ వెలుగు బాగా తగ్గించి జేబులో పెట్టేయండి.
4. మొదలయ్యే మూల వైపు, పగలు పెట్టుకున్న గుర్తు పైన చూపు నిలపండి. ఒకే చుక్క మీద కాదు, ఆ ప్రాంతం మొత్తం మీద.
5. మొదట మసకగా, కాస్త పసుపు రంగులో ఒక చుక్క పైకి వస్తుంది. నెమ్మదిగా అనిపిస్తుంది, తొందరపడకండి. నెత్తి మీదుగా వెళ్ళే పాస్‌లో మొదటి ఒకటిన్నర నిమిషంలో అది 10 నుంచి 24 డిగ్రీలకి మాత్రమే ఎక్కుతుంది.
6. తర్వాత ఒక్కసారిగా వేగమూ వెలుగూ పెరుగుతాయి. ఇటు 45 డిగ్రీల నుంచి నడినెత్తి దాటి అటు 45కి రెండు నిమిషాల్లోపే. పక్కవాళ్ళకి చూపించాలంటే ఇదే సమయం. "అదిగో" అంటే సరిపోదు, "ఆ ట్యాంకు పైన, మూడు పిడికిళ్ళ ఎత్తులో" అని చెప్పండి.
7. చివరిదాకా చూడండి. నడినెత్తి దాటగానే చాలామంది ఫోన్లు తీస్తారు, కానీ నాకు అన్నిటికంటే ఇష్టమైంది ఆ తర్వాతే: నీడ అంచుకి చేరేసరికి కొన్ని సెకన్ల పాటు ఎర్రబడి, సన్నగిల్లి, అడ్డమేమీ లేని ఆకాశంలో ఆరిపోతుంది. అక్కడున్నవాళ్ళకి అది సూర్యాస్తమయం, రోజుకి 15, 16 సార్లు వాళ్ళకి అలా పొద్దుగుంకుతుంది.

పిల్లలుంటే ముందే ఒక మాట చెప్పండి: అందులో ఇప్పుడు మనుషులున్నారు. మామూలుగా ఏడుగురు. 2000 నవంబర్ 2 నుంచి స్టేషన్ ఒక్కరోజు కూడా ఖాళీగా లేదు. 2025 జూన్, జూలైలలో శుభాంశు శుక్లా అక్కడే ఉన్నారు, హైదరాబాద్ మూలాలున్న అమెరికన్ వ్యోమగామి రాజా చారి 2021 నవంబర్ నుంచి 2022 మే దాకా ఉన్నారు. ఈ సంగతి తెలిసి చూసిన పిల్లలు చేయి ఊపుతారు, తెలియకపోతే విమానం అనుకుని వెళ్ళిపోతారు.

పెద్దవాళ్ళకి కుర్చీ వేయండి, పడక కుర్చీ అయితే ఇంకా మంచిది. మెడ ఎత్తి నిలబడి గిరుక్కున తిరగడం వాళ్ళకి ప్రమాదం. పిట్టగోడ తక్కువున్న డాబాల మీద ఎవరైనా సరే, పైకి చూస్తూ వెనక్కి నడవకూడదు.

8. చూసింది స్టేషనేనా?

- మినుకు మినుకుమంటూ, ఎరుపు ఆకుపచ్చ లైట్లు కనిపిస్తే విమానం. స్టేషన్ ఆగకుండా ఒకే వెలుగుతో వెళ్తుంది, చప్పుడు ఉండదు.
- కదలకుండా పడమట బాగా మెరుస్తుంటే శుక్రుడు.
- ఒక సెకనులో గీత గీసినట్టు పోతే ఉల్క.
- వరసగా పది, ఇరవై చుక్కలు ఒకదాని వెనక ఒకటి వెళ్తుంటే స్టార్‌లింక్ ఉపగ్రహాలు, ప్రయోగం జరిగిన కొత్తలో అలా కనిపిస్తాయి.
- స్టేషన్‌లాగే నిలకడగా వెళ్తున్నా వెలుగు తక్కువగా ఉండి, మీ లిస్టు టైమ్‌కి కలవకపోతే చైనా వాళ్ళ తియాన్‌గాంగ్ స్టేషన్ అయ్యుండొచ్చు. దాని టైమ్‌లు కూడా హెవెన్స్-అబవ్‌లో ఉంటాయి, చూసే పద్ధతి ఇదే.

టైమ్, దిక్కు, దారి మూడూ లిస్టుతో కలిస్తే అనుమానం అక్కర్లేదు.

9. కనబడలేదా? ఇక్కడ వెతకండి

టైమ్ దాటి నిమిషమైంది, ఏమీ లేదు: అడ్డం వల్ల కావచ్చు. ఇంకో రెండు నిమిషాలు ఆగి, అదే మూలలో కాస్త పైకి చూడండి.

ఐదు నిమిషాలూ గడిచిపోయాయి: లిస్టులో ఊరు, టైమ్ జోన్, తేదీ చూడండి. తెల్లవారుజాము 5:10ని సాయంత్రం 5:10 అనుకోవడం, 24 గంటల లెక్కలో 19:05ని 9:05 అనుకోవడం నేను చాలాసార్లు విన్న పొరపాట్లు.

లైవ్ మ్యాప్‌లో మన రాష్ట్రం మీదే ఉన్నట్టు చూపిస్తోంది, పైన మాత్రం లేదు: మ్యాప్‌కి ఎండా నీడా సంబంధం లేదు. అది నీడలో ఉండి ఉంటుంది, లేదా మీకు ఇంకా వెలుతురు ఉండి ఉంటుంది.

ఆకాశం చుక్కలతో నిర్మలంగా ఉంది, అయినా లేదు: దిక్కు తప్పింది. నైరుతికి బదులు ఆగ్నేయం చూశారేమో. యాప్‌లో ఇంగ్లిష్ అక్షరాలు చూసి ఎస్ డబ్ల్యూని ఎస్ ఈగా చదవడం తేలిక, అందుకని ముందే తెలుగులో కాగితం మీద రాసుకోండి.

మధ్యలో కనిపించి మాయమైంది: అది నీడలోకి వెళ్ళింది, లిస్టులో ముగింపు ఎత్తు చూస్తే తెలుస్తుంది.

మబ్బు: దీనికి మందు లేదు. పల్చటి మబ్బైతే మాత్రం దిగిపోకండి, మైనస్ 3 పాస్‌లు దాని గుండా కూడా కనిపిస్తాయి.

10. ఫొటో

మొదటిసారి ఫొటో జోలికి వెళ్ళొద్దు, కళ్ళతో చూడండి. రెండోసారి నుంచి ఇలా.

మామూలుగా క్లిక్ చేస్తే ఒక చిన్న తెల్ల చుక్క వస్తుంది, దానికి అర్థం ఉండదు. కావాల్సింది షట్టర్‌ని ఎక్కువ సేపు తెరిచి ఉంచడం, అప్పుడు స్టేషన్ వెళ్ళిన దారి ఒక వెలుగు గీతలా పడుతుంది.

ఫోన్‌తో: ట్రైపాడ్ తప్పనిసరి, లేకపోతే పిట్టగోడ మీద ఇటుకల మధ్య కదలకుండా ఆనించండి. ప్రో మోడ్‌లో (కెమెరా సెట్టింగులు మనమే మార్చుకునే మోడ్) ఐఎస్ఓ, అంటే వెలుతురుకి కెమెరా ఎంతగా స్పందించాలన్న అంకె, 100 నుంచి 400, షట్టర్ 10 నుంచి 30 సెకన్లు, ఫోకస్ అనంతం, రెండు సెకన్ల టైమర్. నడినెత్తి దగ్గర స్టేషన్ సెకనుకి సుమారు ఒక డిగ్రీ కదులుతుంది, కాబట్టి 30 సెకన్లలో ఫ్రేములో మంచి పొడవైన గీత వస్తుంది. ప్రో మోడ్ లేని ఫోన్లలో నైట్ మోడ్‌ని ట్రైపాడ్ మీద పెట్టి చూడండి, కొన్ని ఫోన్లు కదలిక లేదని గమనించి టైమ్ వాటంతట అవే పెంచుతాయి.

కెమెరాతో: 18 మిల్లీమీటర్ల దగ్గర లెన్సు, ఎఫ్/3.5 లేదా 4, ఐఎస్ఓ 200 నుంచి 400, 10 నుంచి 15 సెకన్లు, వరసగా తీస్తూ పోవాలి. ఫోకస్‌ని ముందే దూరపు లైటు మీదో వెలుగున్న చుక్క మీదో పెట్టి మాన్యువల్‌కి మార్చేయండి. లాంగ్ ఎక్స్‌పోజర్ నాయిస్ రిడక్షన్ ఆపేయాలి, లేకపోతే ప్రతి ఫొటో తర్వాత అంతే సేపు కెమెరా ఆగిపోయి గీత మధ్యలో ఖాళీలు వస్తాయి. తర్వాత అన్నిటినీ స్టార్‌స్టాక్స్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌తో కలిపితే ఒకే గీత అవుతుంది.

ఊళ్ళో అయితే ఒక్కో ఫొటోకి టైమ్ తగ్గించండి, ఆకాశం తెల్లబారిపోతుంది. పాస్‌కి పదిహేను నిమిషాల ముందే రెండు మూడు టెస్ట్ ఫొటోలు తీసి సెట్టింగులు ఖాయం చేసుకోండి. ఫ్రేములో గోపురమో తాటిచెట్టో కొంత ఉండేలా చూడండి, ఉత్త ఆకాశంలో ఉత్త గీత కంటే చాలా బాగుంటుంది.

11. బైనాక్యులర్, టెలిస్కోప్

స్టేషన్ అటు చివర నుంచి ఇటు చివరకి 109 మీటర్లు. 420 కిలోమీటర్ల దూరంలో అది టెలిస్కోప్‌లో గురుగ్రహం కనిపించేంత పరిమాణం. సమస్య పరిమాణం కాదు, వేగం. మామూలు టెలిస్కోప్‌తో దాన్ని వెంబడించడం చాలా సాధన కావాల్సిన పని, ముందు బైనాక్యులర్ చాలు. 10x50 బైనాక్యులర్‌లో ఆకారం స్పష్టంగా రాదు కానీ అది ఉత్త చుక్క కాదని తెలుస్తుంది.

చంద్రుడి ముందు నుంచి, సూర్యుడి ముందు నుంచి స్టేషన్ దాటే క్షణాలు కూడా ఉంటాయి, ఒక సెకనులోపే అయిపోతాయి, కొన్ని కిలోమీటర్ల వెడల్పు దారిలో ఉన్నవాళ్ళకే కనిపిస్తాయి. చంద్రుడైతే ప్రయత్నించండి. సూర్యుడి వైపు మాత్రం సరైన సోలార్ ఫిల్టర్ ముందు భాగాన బిగించకుండా బైనాక్యులర్, టెలిస్కోప్, కెమెరా వ్యూఫైండర్ ఏదీ తిప్పొద్దు. క్షణంలో కన్ను పోతుంది.

12. బయట దేశాల్లో ఉన్నవాళ్ళకి

పద్ధతి అదే, వేళలు మాత్రం మారతాయి. దుబాయ్, కువైట్‌లలో దాదాపు మన లెక్కే, పైగా మబ్బులు తక్కువ, దుమ్ము లేని రోజు చూసుకోండి. డల్లాస్, న్యూజెర్సీ, మెల్‌బోర్న్ వైపు సాయంత్రపు వేళ వేసవిలో బాగా పొడుగవుతుంది. లండన్ స్టేషన్ కక్ష్య ఉత్తరపు అంచు దగ్గరుంటుంది, అక్కడ అది దాదాపు నేరుగా పడమర నుంచి తూర్పుకి పోతుంది, గంటన్నరకొకటి చొప్పున ఒకే రాత్రి మూడు నాలుగు పాస్‌లు చూడొచ్చు, జూన్‌లో అయితే అర్ధరాత్రి కూడా ఎండలోనే ఉంటుంది. ఇండియాలో ఉన్న అమ్మానాన్నలకి అక్కడి టైమ్ చెప్పి చూడమనకండి, వాళ్ళ ఊరు పెట్టి విడిగా లిస్టు తీసి పంపండి.

లండన్ వాళ్ళకి లేని ఒకటి మనకుంది. అంతరిక్షంలో భూమి చుట్టూ తిరిగే హబుల్ టెలిస్కోప్ కక్ష్య వాలు 28.5 డిగ్రీలే, కాబట్టి వాళ్ళకి అది అసలు కనబడదు, మనకి దాదాపు నడినెత్తి మీద నుంచే వెళ్తుంది. దారి దాదాపు పడమర నుంచి తూర్పుకి. స్టేషన్ కంటే చాలా మసక, కాబట్టి దీనికి మాత్రం ఊరి లైట్లు దాటి వెళ్ళాలి, హెవెన్స్-అబవ్‌లో దాని లిస్టు విడిగా ఉంటుంది.